'హోన్' మన సానకు ఏమవుతుంది?

సొంత రాష్ట్రం పొలిమేర దాటి కాపురముంటున్న మనలాంటి కుటుంబాల్లో పిల్లల చదువు ఒక విచిత్రమైన పద్ధతిలో సాగుతుంది. బడిలో ఒక భాష, వీధిలో ఇంకొకటి, ఇంట్లో మరొకటి. పరీక్షలు దగ్గరపడ్డాయంటే ఈ మూడింటి మధ్య తగువు తీర్చే పని ఇంట్లోని పెద్దవాళ్ళ మీద పడుతుంది. ఉద్యోగ విరమణ చేసిన నాలాంటి పంతులమ్మ ఇంట్లో ఉంటే ఇక చెప్పనే అక్కర్లేదు.

మేముండేది బసవకళ్యాణ్‌లో. హైదరాబాదు నుంచి పూణే వెళ్ళే రహదారి మీద జహీరాబాదు, హుమ్నాబాదు దాటాక సస్తాపూర్ బంగ్లా దగ్గర దిగి లోపలికి వస్తే మా ఊరు. ఇప్పుడు కర్ణాటకలో బీదరు జిల్లా గాని, 1956 నవంబరు 1 దాకా ఇది హైదరాబాదు రాష్ట్రంలోదే. ఇటు తెలంగాణ, అటు మహారాష్ట్ర. మా వీధిలో కన్నడం, మరాఠీ, దక్కనీ ఉర్దూ, తెలుగు నాలుగూ వినిపిస్తాయి. నిజాం కాలంలో అచ్చయిన నోట్ల మీద ఈ నాలుగు భాషలూ ఉండేవి. నోట్లు పోయాయి గాని వీధి మాత్రం అలాగే ఉంది.

మా మనవరాలు ఎనిమిదో తరగతి, ఇంగ్లీషు మీడియం. మొన్న ఆరునెలల పరీక్షలప్పుడు పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. "నానమ్మా, 'హోన్ యువర్ స్కిల్స్' అని ఉంది. హోన్ అంటే ఏమిటి?" అంది. "సానబెట్టడం. నీకున్న నేర్పును సానబెట్టుకో అని అర్థం" అన్నాను. అది కాసేపు ఆలోచించి, "సాన అంటే?" అంది. ఇంగ్లీషు మాటకు తెలుగు చెబితే, ఆ తెలుగుకు మళ్ళీ అర్థం చెప్పాల్సి వచ్చిందన్నమాట.

ఇదే సంగతి ఆ రాత్రి భోజనాల దగ్గర పెద్ద చర్చ అయింది. ఆదివారం పూట నేను దానికి తెలుగు చెబుతున్నాను. దాన్ని ఆపేద్దామని మా అబ్బాయికి కొంతకాలంగా ఉంది. "అమ్మా, ఇంగ్లీషు, కన్నడం, హిందీ ఎలాగూ తప్పవు. నాలుగో లిపి కూడా ఎందుకు? మాట్లాడటం వస్తే చాలదా?" అన్నాడు. వాడు చెప్పినదాంట్లో న్యాయం లేకపోలేదు. పిల్ల పుస్తకాల సంచి బరువు నేనూ మోసి చూశాను. కోడలు ఏమీ అనలేదు గాని, ఆవిడ మౌనం కూడా అటువైపే ఉన్నట్టు తోచింది. ఆ పూట నేను వాదించలేదు. 'సాన అంటే?' అన్న ప్రశ్నకు మాత్రం బాగా జవాబు చెప్పాలనిపించింది.

వీధిలో దొరికిన సాన

అదృష్టవశాత్తూ రెండు రోజుల్లోనే కత్తులు నూరే అతను మా వీధికొచ్చాడు. ఈ మధ్య అలాంటివాళ్ళు అరుదైపోయారు. సైకిలుకే రాయి బిగించి ఉంటుంది. స్టాండు వేసి, సీటు మీద కూర్చుని తొక్కితే చక్రానికి వేసిన పట్టీ రాయిని తిప్పుతుంది. కొత్త పిల్లలకు ఇదో వింత. వాళ్ళ అమ్మానాన్నలకైతే 1973లో వచ్చిన 'జంజీర్' సినిమాలో జయభాదురి వేసిన కత్తులు నూరే అమ్మాయి వేషం గుర్తొస్తుంది. 

నేను కత్తిపీటా, బట్టల కత్తెరా పట్టుకెళ్ళాను. పక్కింటి కన్నడం ఆవిడ తన 'ఈళిగె' తెచ్చింది, ఎదురింటి మరాఠీ ఆవిడ 'విళీ' తెచ్చింది. చూస్తే మూడూ ఒకటే కత్తిపీట! పేర్లు మూడు, వంకాయ తరిగే పద్ధతి ఒకటే. అప్పుడు మనవరాలి చేత అందరినీ అడిగించాను, ఆ తిరిగే రాయిని మీరేమంటారని. అతను 'సాన్' అన్నాడు. కన్నడం ఆవిడ 'సాణె' అంది. మరాఠీ ఆవిడ, "మా ఇంట్లో 'సహాణ' అంటే దేవుడికి గంధం తీసే రాయి" అంది. మన ఇళ్ళలోనూ అంతే కదా! గంధపు చెక్కను అరగదీసేదీ సానే, కత్తిని అరగదీసేదీ సానే. పూజగదిలో ఒకటి మెత్తగా పనిచేస్తుంది, వీధిలో ఇంకొకటి నిప్పురవ్వలు రాలుస్తుంది. తమిళులు కూడా 'సాణై' అనే అంటారు.

ఈ మాటలన్నిటికీ మూలం సంస్కృతంలోని 'శాణం'. 'శిఖ' మన నోట్లో 'సిగ' అయినట్టే, 'శంఖం' 'సంకు' అయినట్టే, 'శాణం' 'సాన' అయింది. కాబట్టి సాన అచ్చతెలుగు మాట కాదు. ఎప్పుడో వచ్చి, మన ఇంట్లో ఇల్లరికం ఉండిపోయిన అల్లుడులాంటిది. ఇంటిపేరు వేరైనా ఇప్పుడు మనవాడే.

ఇంగ్లీషు వారి రాయి

ఇక హోన్ సంగతి. నిఘంటువులు చూస్తే, ఇది ఇంగ్లీషులో చాలా పాత మాట. వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో దీని రూపం 'హాన్', అర్థం 'రాయి' అని మాత్రమే. పొలాల దస్తావేజుల్లో హద్దురాయిని సూచించడానికి ఈ మాట వాడేవారు. పద్నాలుగో శతాబ్దానికి అది కత్తులు నూరే రాయికి పేరుగా స్థిరపడింది. దాన్ని క్రియగా, అంటే 'నూరు' అనే అర్థంలో వాడటం చాలా ఆలస్యం. నిఘంటువుల్లో దానికి మొదటి దాఖలా 1788. కత్తినే కాక నేర్పునూ, తెలివినీ కూడా 'హోన్' చెయ్యడం ఆ తర్వాతి ముచ్చట.

హోన్‌కూ మామూలు నూరుడుకూ తేడా ఉంది. మొండిబారిన గొడ్డలిని ముతక రాయి మీద పెట్టి లోహాన్ని బాగా తీసేస్తే అది 'గ్రైండ్' చెయ్యడం. ఆ తర్వాత మెత్తని రాయి మీద, నీళ్ళో నూనెో వేసి, అంచును నిదానంగా సరిచెయ్యడం 'హోన్'. చివర్లో తోలు పట్టీ మీద అటూ ఇటూ రాయడం 'స్ట్రాప్'. పాతకాలపు మంగలివారికి ఇవన్నీ తెలిసిన పనులే. కత్తిని రాయి మీద తిప్పాక తోలు మీద ఎందుకు రాస్తారంటే, నూరినప్పుడు అంచున సన్నటి రేకులాంటిది లేచి ఒకవైపుకు మడత పడుతుంది. తోలు దాన్ని సరిచేస్తుంది. ఈ రేకు పోనిదే గడ్డం నున్నగా దిగదు, గాటు పడుతుంది. 'మంగలి పాత, చాకలి కొత్త' అన్న సామెత ఊరికే పుట్టలేదు.

పిల్లలు ఒక జాగ్రత్త తీసుకోవాలి. 'హోన్ ఇన్' అని ఈ మధ్య చాలామంది రాస్తున్నారు. అసలు పలుకుబడి 'హోమ్ ఇన్'. పావురం తన గూటివైపు గురిపెట్టి వచ్చినట్టు రావడం. రెండు మాటలూ చెవికి ఒకేలా ఉండటంతో కలగాపులగం అయ్యాయి. అమెరికా దక్షిణ ప్రాంతాల్లో ఇంకో 'హోన్' కూడా ఉందట. దేనికోసమైనా బెంగపెట్టుకోవడం, మనసు లాగడం దాని అర్థం. అది ఫ్రెంచి నుంచి వచ్చిన వేరే మాట, రాయితో దానికి సంబంధం లేదు. అమెరికాలో ఉన్న మన పిల్లలకు ఆ రెండో హోనే ఎక్కువ పనికొస్తుందేమో!

శకారం హకారమైన కథ

అసలు తమాషా ఇక్కడుంది. మన సాన, వాళ్ళ హోన్ ఒకే తల్లి బిడ్డలు. చెవికి 'ఆన', 'ఓన' కలిశాయని చెబుతున్న పోలిక కాదిది. 1786లో కలకత్తాలో సర్ విలియం జోన్స్ సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి పుట్టి ఉండాలని ఉపన్యాసం ఇచ్చిన దగ్గరనుంచి, ఈ భాషల మధ్య ఏ అక్షరం ఎక్కడ ఏ అక్షరమవుతుందో పండితులు లెక్కలు కట్టారు. 1822లో జర్మనీకి చెందిన జేకబ్ గ్రిమ్ ఈ మార్పులను సూత్రాలుగా కూర్చాడు. పిల్లల కథలు పోగుచేసిన గ్రిమ్ సోదరుల్లో పెద్దాయనే ఈయన. 

ఆ లెక్క ప్రకారం మూలభాషలోని ఒక రకం కకారం సంస్కృతంలో 'శ' అయింది, లాటిన్‌లో 'క'గానే ఉండిపోయింది, ఇంగ్లీషు వైపు 'హ' అయింది. మనవరాలికి ఇది నమ్మకం కలగాలని కాగితం మీద రాయించాను. మనం శతం అంటే లాటిన్ వాళ్ళు 'కెంటుమ్' అన్నారు, ఇంగ్లీషువాళ్ళది 'హండ్రెడ్'. మనకు శ్వానం, లాటిన్‌లో 'కానిస్', ఇంగ్లీషులో వేటకుక్క 'హౌండ్'. మనకు శృంగం, అంటే కొమ్ము. లాటిన్‌లో 'కోర్ను', ఇంగ్లీషులో 'హార్న్'. నాలుగోది మనకు శాణం, లాటిన్‌లో 'కోస్', ఇంగ్లీషులో 'హోన్'. ఐస్‌క్రీము పెట్టిచ్చే 'కోన్' కూడా, గ్రీకు దారిన వచ్చిన ఇదే కుటుంబపు మాట అంటారు. ఇది మాత్రం పిల్లకు వెంటనే ఎక్కింది.

శాణం పుట్టిన ధాతువుకు 'పదును పెట్టు' అని అర్థం. దానిలోంచే 'నిశితం' వచ్చింది. నిశితంగా ఆలోచించాడు, నిశితమైన చూపు అని మనం పత్రికల్లో రోజూ చదువుతాం. ఆ మాటకు అక్షరాలా అర్థం 'బాగా నూరినది' అని. అంటే ఇంగ్లీషువాడి 'హోన్డ్' అన్నమాట మన దగ్గర ఎప్పటినుంచో ఉంది, దాన్ని కత్తికన్నా బుద్ధికే ఎక్కువ వాడుకుంటున్నాం. ఇలాంటిదే ఇంకొకటి 'తేజస్సు'. తీక్ష్ణం, తేజస్సు రెండూ 'తిజ్' అనే ధాతువు నుంచి వచ్చాయి, దానికీ పదును పెట్టడమే అర్థం. తేజస్సు అంటే మొదట కత్తి అంచు, మంట కొన. ముఖంలో వెలుగు తర్వాతి అర్థం. కత్తులు నూరే అతను 'తేజ్' అన్నాడే, పారసీ వైపు నుంచి వచ్చిన ఆ మాట కూడా ఈ ధాతువుకు దగ్గరి చుట్టమే.

ఇంగ్లీషులో పదును పెట్టడానికి 'వెట్' అని మరో మాట ఉంది. 'వెట్ ది ఎపిటైట్' అంటే ఆకలిని రెచ్చగొట్టడం. ఇక్కడ మన పిల్లలు తడి అనే అర్థమున్న 'వెట్' రాసేస్తారు. వాళ్ళను తప్పుపట్టి లాభం లేదు. తెలుగువాడికి ఆకలి పుడితే నోరూరుతుంది, మరి ఊరడం అంటే తడే కదా! కాని ఈ వెట్‌లో డబ్ల్యూ పక్కన హెచ్ ఉంటుంది, ఇది పదును పెట్టే వెట్. పాత ఇంగ్లీషులో దీనికి 'పురికొల్పు' అన్న అర్థం కూడా ఉండేది. సంస్కృతంలో దీని చుట్టం 'చోద' అని భాషాశాస్త్రజ్ఞుల అభిప్రాయం. ప్రచోదనం, చోదకుడు అంటామే, అదే. డబ్ల్యూ హెచ్ ఉన్న చోట సంస్కృతంలో చకారం కనబడటానికి మరో సాక్ష్యం ఆ సైకిలు మీదే ఉంది. మన చక్రం, వాళ్ళ 'వీల్' రెండూ ఒకటే మాట.

పదును, హదను

ఇంతవరకూ చెప్పింది అరువు మాటల సంగతి. మరి మన సొంత మాట? అది 'పదును'. తెలుగు, కన్నడం, తమిళం సంస్కృతం నుంచి పుట్టలేదని, వాటిది వేరే కుటుంబమని ఋజువుచేసి ఎల్లిస్ దొర 1816లోనే అచ్చువేశాడు. అదీ కాంప్‌బెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి ముందుమాటలో. ఆ కుటుంబపు మాటే పదును.

బసవకళ్యాణ్‌లో ఉన్నవాళ్ళకు దీని చుట్టాన్ని వెతుక్కోవడం కష్టం కాదు. మన 'ప' కన్నడిగులకు 'హ' అవుతుంది. పాలు–హాలు, పులి–హులి, పువ్వు–హూవు, పల్లె–హళ్ళి. పాత కన్నడంలో వాళ్ళూ పకారమే పలికేవారు, తర్వాత కొన్ని శతాబ్దాల మీద అది హకారంగా మారింది. కాబట్టి మన పదును వాళ్ళకు 'హద', 'హదను'. ఇంగ్లీషులో కకారం హకారమైతే కన్నడంలో పకారం హకారమైంది. రెండు కుటుంబాలకూ సంబంధం లేదు గాని, వాటిలో మాటలు మారే తీరు మాత్రం ఒకటే.

పదును అంటే వాడి అని మాత్రమే అనుకుంటాం. రైతును అడిగితే వేరే చెబుతాడు. వాన పడి, నేల మరీ బురదగాను, మరీ గట్టిగాను కాక నాగలికి లొంగేటట్టు ఉంటే అది పదును. తోలు పనివారు పచ్చితోలును పనికొచ్చేలా చెయ్యడాన్ని పదును చెయ్యడం అంటారు. కన్నడంలోనూ నేలను హద చేస్తారు, తోలును హద చేస్తారు. కమ్మరి దగ్గరికొస్తే, ఇనుమును ఎర్రగా కాల్చి సరైన సమయంలో నీళ్ళలో ముంచడం పదును పెట్టడం. ఏ వస్తువైనా ఉండవలసిన స్థితిలో ఉండటమే పదును. హోన్‌లో గాని, వెట్‌లో గాని ఇంత అర్థం లేదు. ఒకటి రాయి, మరొకటి పురికొల్పడం.

దీన్ని కత్తులు నూరే అతని దగ్గర కళ్ళారా చూడొచ్చు. రాయి వేగంగా తిరుగుతుంటే మధ్యమధ్య కత్తిని తీసి నీళ్ళలో ముంచుతుంటాడు. ఆగకుండా నూరితే రాపిడి వేడికి ఉక్కు మెత్తబడుతుంది. ఎంత సన్నటి అంచు వచ్చినా నిలవదు, నాలుగు రోజుల్లో మొద్దవుతుంది. వాడి వచ్చింది గాని పదును పోయిందంటారు అలాంటప్పుడు. ఈ రెండింటికీ తేడా చెప్పగల మాటలు మన దగ్గరున్నాయి.

ఈ ఊళ్ళో ఇలాంటి పనుల గురించి మాట్లాడుతుంటే శరణులు గుర్తుకు రాకమానరు. కళ్యాణి చాళుక్యుల రాజధానిగా ఈ ఊరు పదకొండో శతాబ్దంలో వెలిగింది. పన్నెండో శతాబ్దంలో బిజ్జలుడి దగ్గర మంత్రిగా ఉన్న బసవణ్ణ చుట్టూ చేరినవారిలో చేతిపనులవారే ఎక్కువ. చెప్పులు కుట్టే హరళయ్య, బట్టలుతికే మడివాళ మాచయ్య, పడవ నడిపే అంబిగర చౌడయ్య, తాళ్ళు పేనే నులియ చందయ్య, బుట్టలల్లే మేదర కేతయ్య. ఆరె, కత్తి, ఉలి పట్టుకునే చేతులతోనే, లేదా అలాంటివారి పక్కన కూర్చునే, వచనాలు చెప్పారు. బసవణ్ణ ఆంతరంగికుడు హడపద అప్పణ్ణ. కన్నడం 'హడప', మన 'అడపం' ఒకటే మాట. తాంబూలపు సంచికీ ఆ పేరే, మంగలి కత్తులపొదికీ ఆ పేరే. కర్ణాటకలో క్షౌరవృత్తివారు ఇప్పటికీ హడపద అప్పణ్ణను తమవాడని చెప్పుకుంటారు. 

ఇక మనకు గర్వకారణమైన సంగతి ఒకటుంది. బసవణ్ణ కథను పురాణంగా మొదట కట్టింది మన పాల్కురికి సోమనాథుడే, పదమూడో శతాబ్దంలో, తెలుగు ద్విపదలో. దాన్ని 1369లో భీమకవి కన్నడం చేశాడు. ఇక్కడి కథ తెలుగుకెళ్ళి, మళ్ళీ తెలుగు నుంచి ఇక్కడికి వచ్చింది. మా ఊళ్ళో ఈ మాట చెబితే కన్నడం మిత్రులు సంతోషంగా ఒప్పుకుంటారు. కొందరు టీ కూడా ఇప్పిస్తారు.

నూరు అంటే వంద కాదు

పదును తర్వాత మన రెండో సొంత మాట 'నూరు'. మందు నూరుతాం, పచ్చడి నూరుతాం, కత్తి నూరుతాం, కోపమొస్తే పళ్ళు నూరుతాం, ఇంకా కోపమొస్తే కారాలూ మిరియాలూ నూరుతాం. గిట్టనివాళ్ళు మన మీద కత్తులు నూరుతారు. అరగదీయడం, పొడిచెయ్యడం, వాడి చెయ్యడం అన్నీ ఒకే క్రియలో ఇమిడాయి. మనవరాలు బడిలో ఒకసారి 'కత్తి నూరు' అని తెలుగులో అంటే, పక్కనున్న కన్నడం పిల్ల 'వంద కత్తులా?' అని కళ్ళు పెద్దవి చేసిందట. వాళ్ళకు నూరంటే వందే. నూరడానికి వాళ్ళ మాట 'మసె'. సానరాయిని 'మసెగల్లు' అని కూడా అంటారు. కన్నడ పత్రికల్లో రాజకీయ నాయకులు ఒకరి మీద ఒకరు 'కత్తి మసె'స్తుంటారు, తెలుగు పత్రికల్లో కత్తులు నూరుతుంటారు. మాట వేరైనా పగ ఒకటే!

వంటింట్లో ఇంకో రకం పదును ఉండేది. సన్నికల్లు, తిరగలి వాడగా వాడగా నున్నబడితే నలగదు. అప్పుడు వీధిలోకి వచ్చే రాతిపనివారిని పిలిచి ఉలితో 'కక్కు' కొట్టించేవాళ్ళం. కత్తికి నున్నగా చెయ్యడం పదునైతే రాతికి గరుకు చెయ్యడం పదును. మిక్సీలొచ్చాక ఆ కేక వినబడటం లేదు, కక్కు అన్న మాటా పోయింది. కక్కు కొడవలి చూసిన పిల్లలైతే గుర్తుపడతారేమో.

మనదగ్గరి నుంచి వెళ్ళిన మాటలు

అరువు తెచ్చుకోవడమే కాదు, మనవాళ్ళు ఇంగ్లీషుకు ఇచ్చినవీ ఉన్నాయి. అవి రెండూ పదునుకు సంబంధించినవే కావడం విశేషం. 

మొదటిది కురువిందం. కెంపు, నీలం ఈ జాతి రాళ్ళే. వాటిలో మణులుగా పనికిరాని ముతకరకాన్ని పొడిచేసి, లక్కతో కలిపి చక్రంగా పోసి, దాని మీద కత్తులనూ రత్నాలనూ సానబట్టేవారు. వజ్రం తర్వాత అంత గట్టి ఖనిజం ఇదే, కొలమానంలో వజ్రం 10 అయితే ఇది 9. సేలం, మైసూరు, ఖమ్మం వైపుల్లో దొరికేది. తమిళులు 'కురుందం' అంటారు. ఇంగ్లీషువాళ్ళు ఈ రాయితో పాటు పేరునూ పట్టుకెళ్ళి 'కొరండమ్' అన్నారు. 1891లో అమెరికాలో ఎడ్వర్డ్ ఆచెసన్ కొలిమిలో కొత్త గట్టి పదార్థం ఒకటి తయారుచేసి, అది కార్బన్, కొరండమ్ కలిసిందనుకుని 'కార్బొరండమ్' అని పేరు పెట్టాడు. అది వేరే పదార్థమని తర్వాత తేలినా పేరు నిలిచిపోయింది. 1954లో అదే పేరుతో మద్రాసులో కంపెనీ కూడా వచ్చింది. హార్డువేరు కొట్లో కార్బొరండం రాయి అని అడిగి తెచ్చుకుంటున్నప్పుడు అందులో మన కురువిందం దాగి ఉందని తెలిసినవాళ్ళు తక్కువ.

రెండోది 'వూట్స్'. మన ఉక్కు, కన్నడం 'ఉక్కు' అన్న మాటే వినడంలోనో రాయడంలోనో చెడి ఇలా అయిందంటారు. నిజామాబాదు వైపు కోనసముద్రం మూసల్లో ఈ ఉక్కును కాచేవారు. దానికోసం పారసీక వర్తకులు అంత దూరం నుంచి వచ్చేవారు. 1795లో జార్జి పియర్సన్ లండను రాయల్ సొసైటీలో దీని మీద వ్యాసం చదివాడు. స్టోడార్ట్ అనే లండను కత్తుల తయారీదారు దీనితో శస్త్రచికిత్స పనిముట్లు చేసి, తర్వాత ఫారడేతో కలిసి పరిశోధించాడు. అవును, కరెంటు పాఠాల్లో వచ్చే ఫారడేయే!

ఇదంతా నేను ఒక్కరోజులో చెప్పలేదు, ఐదారు ఆదివారాలు పట్టింది. మనవరాలు రెండు పేజీలు నింపుకుంది. ఒక పేజీలో శతం, శ్వానం, శృంగం, శాణం. ఇంకో పేజీలో పాలు, పులి, పువ్వు, పదును. రెండో పేజీని బడికి పట్టుకెళ్ళి కన్నడం మాస్టారికి చూపిస్తే, ఆయన ఇంకో పదకొండు మాటలు చేర్చి పంపారు. ఆ పదకొండూ తెలుగు లిపిలోనే రాసుకుంది, ఒత్తులు రెండు మూడు చోట్ల తప్పాయి. మా అబ్బాయి ఆ పేజీలు చూశాడు. "బాగుంది గాని అమ్మా, తొమ్మిదో తరగతిలో ట్యూషన్లు మొదలవుతాయి. జూన్‌లో మళ్ళీ చూద్దాం" అన్నాడు. చూద్దామనే నేనూ అన్నాను.

నాకొకటి గుర్తొస్తుంటుంది. భర్తృహరి నీతిశతకంలో, అరిగిపోయినా శోభించేవాటిని వరుసగా చెబుతూ మొదట సానబట్టిన మణిని చెప్పాడు. తెలుగులో ఏనుగు లక్ష్మణకవి అనువాదం మనలో చాలామంది చిన్నప్పుడు కంఠతా పట్టినదే. సాన మీద పెట్టాక మణి బరువు తగ్గుతుంది. కత్తిపీట కూడా అంతే. మా అత్తగారు నాకిచ్చిన కత్తిపీట అలుగు ఈ ముప్పై ఏళ్ళలో రెండు వేళ్ళ వెడల్పు తగ్గింది. ఇంట్లో తెలుగు కూడా కొంత తగ్గింది. కన్నడం, దక్కనీ చేరి కొన్ని మాటలను తోసేశాయి. పూర్వం మా పుట్టింట్లో అన్న మాటల్లో సగం మా అబ్బాయికి తెలియవు. మిగిలినదానికి అంచు ఉందా లేదా అన్నదే నేను చూసుకుంటున్నాను.

పాఠకులకు ఒక విన్నపం. షోలాపూరులో మగ్గాల వీధుల్లో, ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో, భిలాయిలో, బరంపురంలో, మారిషస్‌లో, అమెరికాలో ఉన్న మన కుటుంబాలు కత్తి నూరడానికి, రాయికి, అంచుకు ఇంట్లో ఏ మాటలు వాడుతున్నారో రాసి పంపండి. ఊరి పేరు, మాట, ఏ పనిముట్టు విషయంలో వాడతారో రాస్తే చాలు. ముఖ్యంగా 'కక్కు' అన్న మాట ఇప్పటికీ ఎవరింట్లోనైనా వినబడుతుంటే తప్పక తెలియజేయండి. అందినవన్నీ మనవరాలి పుస్తకంలో మూడో పేజీలో చేరుతాయి. దానికి ఇంకా ఖాళీ ఉంది.